పిన్‌కోడ్‌తో మొదలుపెట్టి పెద్ద సంఖ్యను విప్పి చూడటం ఎలా?

ఒక పెద్ద సంఖ్య మీ ముందుంది. అది ప్రధాన సంఖ్యా కాదా, దాన్ని ఏవేవి శేషం లేకుండా భాగిస్తాయి, మొత్తం ఎన్ని కారణాంకాలున్నాయి, అది వర్గ సంఖ్య అవుతుందా అన్నవి తేల్చాలి. చాలామంది వెంటనే ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచి 2, 3, 7, 11 అంటూ వరసగా భాగించుకుంటూ పోతారు. కాసేపటికి విసుగొస్తుంది, ఏ సంఖ్యతో చూశామో ఏది వదిలేశామో గుర్తుండదు, అక్కడితో ఆపేస్తారు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని పోటీ పరీక్షలకు చదివేవాళ్లకైనా, ఇంట్లో పిల్లలకు లెక్కలు చెప్పే అమ్మానాన్నలకైనా నేను చెప్పేది ఒక్కటే: ముందు చూడగానే తేలిపోయే పరీక్షలు చేయండి, భాగహారం జోలికి ఆఖరున వెళ్లండి. ఈ క్రమం పట్టుబడితే ఆరంకెల సంఖ్య ఒక కాగితంలో సగం కూడా తినదు.

ఉదాహరణకు ఖైరతాబాద్ పిన్‌కోడ్ 500004 తీసుకుందాం. పిన్‌కోడ్‌లు మన దేశంలో 1972 ఆగస్టు 15న మొదలయ్యాయి. ఉత్తరాలు సరైన చోటికి చేర్చడానికి పెట్టిన నంబర్లే అయినా, లెక్కల సాధనకు ఇంతకంటే మంచి సరుకు దొరకదు. పైగా మీ ఇంటి పిన్‌కోడ్ మీకు నోటికొచ్చు.

మొదట సంఖ్యను కాగితం మీద రాయండి. మనం కామాలు పెట్టే పద్ధతిలో అది 5,00,004. చదవడానికి అది బాగుంటుంది గానీ, పరీక్షలకు మాత్రం కుడివైపు నుంచి మూడేసి అంకెలు విడగొట్టి 500 | 004 అని రాసుకోండి. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

ఇప్పుడు చివరి అంకెలు చూడండి. చివర 4 ఉంది కాబట్టి 2తో పోతుంది. చివరి రెండంకెలు 04, అవి 4తో పోతాయి కాబట్టి మొత్తం సంఖ్యా 4తో పోతుంది. చివరి మూడంకెలు 004 మాత్రం 8తో పోవు. కాబట్టి ఇందులో 2 సరిగ్గా రెండుసార్లే ఉంది. 5తో పోవాలంటే చివర 0 గానీ 5 గానీ ఉండాలి, లేదు. వెంటనే 4తో భాగించేసి పక్కన పెట్టండి: 500004 = 4 × 125001. ఇక మీదట పెద్ద సంఖ్యను మర్చిపోండి. మీ పనంతా 125001 మీదే. ఈ అలవాటు లేకే చాలామంది అవస్థ పడతారు. ఒక కారణాంకం దొరికాక కూడా పాత సంఖ్యనే పట్టుకుని వేలాడితే ప్రతి భాగహారం అనవసరంగా పెద్దదవుతుంది.

తర్వాత అంకెల మొత్తం. 1+2+5+0+0+1 = 9. కాబట్టి 125001 సంఖ్య 9తో పోతుంది: 125001 = 9 × 13889. మళ్లీ 13889 అంకెలు కూడండి: 29. మూడుతో పోదు. కాబట్టి 3 కూడా రెండుసార్లే. ఇక్కడ ఒక జాగ్రత్త. అంకెల మొత్తం 27 వస్తే సంఖ్య 27తో పోతుందని కొందరు అనుకుంటారు. అలా కాదు. 1899 అంకెల మొత్తం 27, కానీ దాన్ని 27తో భాగిస్తే 9 శేషం మిగులుతుంది. ఈ చిట్కా 3కూ 9కే పనిచేస్తుంది. ఎందుకంటే 10, 100, 1000 ఏది తీసుకున్నా 9తో భాగిస్తే 1 మిగులుతుంది, 27తో భాగిస్తే అలా మిగలదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన మెట్టు. 7కు ఒక సూత్రం, 11కు ఇంకొకటి, 13కు మరొకటి అని విడివిడిగా బట్టీ పట్టక్కర్లేదు. 7 × 11 × 13 = 1001 అన్న ఒక్క ముక్క గుర్తుంటే చాలు. 1001 ఈ మూడింటితోనూ పోతుంది కాబట్టి, ఈ మూడింటి విషయంలో 1000 అంటే −1తో సమానం. అందుకే మూడేసి అంకెల గుంపులుగా విడగొట్టి, కుడి నుంచి ఒకటి కూడుతూ ఒకటి తీసేస్తూ వెళ్తే, ఎంత పెద్ద సంఖ్యయినా మూడంకెల దగ్గరికి దిగి వస్తుంది. మన 13889లో గుంపులు 13 | 889. తేడా 889 − 13 = 876. దీన్ని 7తో భాగిస్తే 1, 11తో భాగిస్తే 7, 13తో భాగిస్తే 5 మిగులుతాయి. మూడూ పోవు. ఒక్క తీసివేతతో మూడు పరీక్షలు అయిపోయాయి.

హైదరాబాద్ వాళ్లకు ఈ పద్ధతి ఇంకా కలిసొస్తుంది. నగరంలో ఎక్కువ పిన్‌కోడ్‌లు 500తోనే మొదలవుతాయి కాబట్టి, 500కూ చివరి మూడంకెలకూ మధ్య తేడా చూస్తే సరిపోతుంది. సికింద్రాబాద్ 500003 తీసుకోండి: 500 − 3 = 497, అంటే 7 × 71. కాబట్టి 500003 ఏడుతో పోతుంది. అక్కడి నుంచి ప్రతి ఏడో పిన్‌కోడూ ఏడుతో పోయేదే: 500010, 500017, 500024 అలా. అలాగే 500005 పదకొండుతో, 500006 పదమూడుతో పోతాయి. మీది ఏ కోవలోకి వస్తుందో ఇప్పుడే చూసుకోండి.

ఇదే విడగొట్టడంలో ఇంకో లాభం ఉంది. 999 = 27 × 37. కాబట్టి గుంపుల్ని తీసేయకుండా అన్నింటినీ కూడితే 37 పరీక్ష అయిపోతుంది, 27 కూడా. సనత్‌నగర్ 500018కి 500 + 18 = 518, అంటే 37 × 14. కాబట్టి 37తో పోతుంది. కానీ 518 మూడుతోనే పోదు కాబట్టి 27 లెక్కలోకే రాదు. మన 13889కి 13 + 889 = 902. 37 × 24 = 888, పద్నాలుగు మిగిలింది. పోదు.

ఇక మిగిలింది భాగహారమే. మొదలుపెట్టే ముందు ఎక్కడిదాకా వెళ్లాలో తేల్చుకోండి. ఒక సంఖ్య రెండు సంఖ్యల లబ్ధమైతే, అందులో ఒకటి ఆ సంఖ్య వర్గమూలాన్ని దాటదు. రెండూ దాటితే లబ్ధమే పెద్దదైపోతుంది కదా. 117 వర్గం 13689, 118 వర్గం 13924. అంటే 117 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలు చూస్తే చాలు, ఆ పైన అక్కర్లేదు.

17తో మొదలుపెడదాం. ఇక్కడ కూడా పొడవాటి భాగహారం వద్దు. 17 × 800 = 13600. తీసేస్తే 289 మిగిలింది. 289 అంటే 17 వర్గం. కాబట్టి 13889 = 17 × 817. ఇలా తెలిసిన గుణిజాన్ని పెద్ద ముక్కగా తీసేసి మిగిలినదాన్ని చూడటం అలవాటు చేసుకోండి. పరీక్ష హాల్లో టైమ్ ఆదా అయ్యేది ఇక్కడే.

ఇప్పుడు హద్దు కూడా తగ్గింది. 817 వర్గమూలం 29 లోపే (29 వర్గం 841). 2 నుంచి 13 దాకా ముందే తేల్చేశాం, వాటిని మళ్లీ ముట్టక్కర్లేదు. మిగిలినవి 17, 19, 23. 17 × 48 = 816, ఒకటి మిగిలింది, పోదు. 19 × 43 = 817. పోయింది. 43 ప్రధాన సంఖ్యే. పని పూర్తయింది:

500004 = 2² × 3² × 17 × 19 × 43

వదిలేసే ముందు వెనక్కి గుణించి సరిచూసుకోండి. 19 × 43 = 817, 817 × 17 = 13889, దాన్ని 36తో గుణిస్తే 5,00,004. ఈ ఒక్క నిమిషం ఎవరూ పెట్టరు. పెట్టినవాళ్లకు టెన్షన్ ఉండదు.

అన్ని సంఖ్యలూ ఇంత మెత్తగా లొంగవు. ఆబిడ్స్ జీపీఓ పిన్‌కోడ్ 500001 చూడండి. అంకెల మొత్తం 6, కాబట్టి 3తో పోతుంది: 3 × 166667. ఆ 166667ను విప్పుదామని కూర్చుంటే 408 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నీ చూడాలి, చివరికి ఒక్కటీ పోదు. అది ప్రధాన సంఖ్య. కేవలం 3 తేడాలో ఉన్న 500004 అయిదు వేర్వేరు ప్రధాన సంఖ్యలుగా విడిపోయింది, 500001 రెండు ముక్కలై ఆగిపోయింది. పక్కపక్క సంఖ్యలకు కారణాంకాల విషయంలో పోలికే ఉండదు. నన్ను ఈ లెక్కల దగ్గర ఏళ్లుగా కట్టిపడేసింది ఇదే.

ముక్కలు చేతికొచ్చాక మిగతా ధర్మాలన్నీ దాదాపు ఉచితం.

మొత్తం ఎన్ని కారణాంకాలు? ప్రతి కారణాంకమూ ఈ ప్రధాన సంఖ్యల్లోంచి కొన్నింటిని ఏరుకుని గుణించగా వచ్చేదే. 2ను సున్నాసార్లో, ఒకసారో, రెండుసార్లో తీసుకోవచ్చు, అంటే మూడు దారులు. 3కూ మూడు. 17, 19, 43 ఒక్కోదానికి రెండు: తీసుకోవడం, తీసుకోకపోవడం. 3 × 3 × 2 × 2 × 2 = 72. అందుకే ఘాతాంకానికి 1 కలిపి గుణించాలి అంటారు. కారణం తెలిస్తే సూత్రం మర్చిపోయినా భయం లేదు. 500001కి మాత్రం నాలుగే: 1, 3, 166667, 500001.

ఆ 72 కారణాంకాల మొత్తం కావాలా? ఒక్కొక్కటీ రాసి కూడకండి. (1+2+4) × (1+3+9) × (1+17) × (1+19) × (1+43), అంటే 7 × 13 × 18 × 20 × 44 = 14,41,440. కుండలీకరణాల్ని విప్పి గుణించి చూడండి, ప్రతి కారణాంకమూ సరిగ్గా ఒక్కసారే వస్తుంది. ఇందులోంచి 5,00,004 తీసేస్తే 9,41,436. అంటే తనను మినహాయించి మిగతా కారణాంకాలు కలిస్తే ఆ సంఖ్యకు దాదాపు రెట్టింపు. 6, 28 లాంటి పరిపూర్ణ సంఖ్యలకు ఈ మొత్తం సరిగ్గా ఆ సంఖ్యే అవుతుంది (1+2+3 = 6). ప్రధాన సంఖ్యలకు 1 మాత్రమే మిగులుతుంది.

500004తో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యలు 1 నుంచి 500004 దాకా ఎన్ని ఉన్నాయో కూడా చెప్పొచ్చు. 2తో పోయేవి తీసేస్తే సగం మిగులుతాయి, 3తో పోయేవి తీసేస్తే మిగిలినవాటిలో మూడింట రెండు వంతులు, అలా 16/17, 18/19, 42/43. గుణిస్తే 1,45,152. ఇది గణితవేత్త ఆయిలర్ చూపిన లెక్క.

వర్గ సంఖ్య అవునా కాదా అన్నదానికి ముందు చూపుతోనే కొన్నిటిని కొట్టేయొచ్చు. చివర 2, 3, 7, 8 ఉంటే ఎప్పటికీ వర్గం కాదు. అంకెల్ని ఒక్క అంకె మిగిలేదాకా కూడితే వర్గాలకు 1, 4, 7, 9 మాత్రమే వస్తాయి. 500004 చివర 4 ఉంది, అంకెల మొత్తం 9, రెండు పరీక్షలూ పాసయింది. అయినా వర్గం కాదు, ఎందుకంటే 17 ఒక్కసారే ఉంది. వర్గంలో ప్రతి ప్రధాన సంఖ్యా సరిసంఖ్యలోనే రావాలి. ఈ చూపు పరీక్షలు కాదని చెప్పగలవు, అవునని చెప్పలేవు.

ఇప్పుడు కొంచెం పెద్దదానికి వెళ్దాం. ముందు ఒక కొత్త పనిముట్టు కావాలి. హైదరాబాద్ నగరం, చార్మినార్ రెండూ 1591 నాటివి. 1591ని విప్పండి. చిన్న ప్రధాన సంఖ్యలతో వెళ్తే చాలాసేపు ఏదీ పోదు. అలాంటప్పుడు పైనుంచి రండి: 1591 కంటే కొంచెం పెద్ద వర్గం 1600, అంటే 40². తేడా 9, అది 3². కాబట్టి 1591 = 40² − 3² = (40 − 3)(40 + 3) = 37 × 43. ఇది గణితవేత్త ఫెర్మా పద్ధతి. రెండు కారణాంకాలు దగ్గరదగ్గరగా ఉంటే క్షణాల్లో దొరుకుతాయి, దూరంగా ఉంటే ఎంతకీ తెమలదు. కాబట్టి వర్గమూలం దగ్గర మూడు నాలుగు అడుగులు వేసి, దొరక్కపోతే వదిలేసి మామూలు దారికి రండి. సాధన చేయాలంటే బస్సులోనో ఆటోలోనో కూర్చున్నప్పుడు ముందు వెళ్తున్న బండి నంబరు ప్లేటు చూడండి. నాలుగంకెలకు వర్గమూలం 100 లోపే, కాబట్టి మొత్తం 25 ప్రధాన సంఖ్యలు చాలు.

ఇప్పుడు 1591ని రెండుసార్లు పక్కపక్కన రాయండి: 15911591. మన లెక్కలో కోటీ యాభై తొమ్మిది లక్షల పదకొండు వేల ఐదు వందల తొంభై ఒకటి. క్రమం పాతదే. చివర బేసి, అంకెల మొత్తం 32, కాబట్టి 2, 3, 5 పోవు. మూడేసి గుంపులు 15 | 911 | 591. ఒకటి కూడి ఒకటి తీస్తే 591 − 911 + 15 = −305. 305 సంఖ్య 7, 11, 13 దేనితోనూ పోదు. అన్నీ కూడితే 1517. దాన్ని మళ్లీ మడిస్తే 1 + 517 = 518 = 37 × 14. 37 దొరికింది. ఇప్పుడు నాలుగేసి అంకెలుగా విడగొట్టండి. 10001 = 73 × 137 కాబట్టి నాలుగంకెల గుంపుల తేడా ఈ రెండింటినీ పరీక్షిస్తుంది. 1591 − 1591 = 0. రెండూ పోతాయి. 10001తో భాగిస్తే 1591 వస్తుంది, అది 37 × 43 అని ముందే చూశాం. కాబట్టి 15911591 = 37 × 43 × 73 × 137. ఎనిమిదంకెల సంఖ్యను ఒక్క పొడవాటి భాగహారం లేకుండా విప్పేశాం. కారణాంకాలు 2 × 2 × 2 × 2 = 16.

దీన్ని రెండు వర్గాల మొత్తంగా రాయగలమా? ఏ వర్గాన్నయినా 4తో భాగిస్తే 0 గానీ 1 గానీ మిగులుతుంది, కాబట్టి రెండు వర్గాలు కలిస్తే 3 ఎప్పటికీ మిగలదు. 15911591 చివరి రెండంకెలు 91, నాలుగుతో భాగిస్తే 3 మిగులుతుంది. కాబట్టి కుదరదు. 500004కి కూడా కుదరదు గానీ, అక్కడ కారణం 19, 43. నాలుగుతో భాగిస్తే 3 మిగిలే ప్రధాన సంఖ్య బేసిసార్లు వస్తే కుదరదన్నది నియమం.

ఇరవై, ముప్పై అంకెలకు వెళ్తే చేతి పని చాలదు. అక్కడ ప్రశ్నను రెండుగా విడగొట్టాలి: ఇది ప్రధాన సంఖ్యా అని అడగటం వేరు, దీని కారణాంకాలేవి అని అడగటం వేరు. మొదటిది తేలిక, రెండోది చాలా కష్టం. ఒక సంఖ్య ప్రధానమైతే, 2ను ఆ సంఖ్య కంటే ఒకటి తక్కువసార్లు గుణించి దానితో భాగిస్తే 1 మిగలాలి (ఆ సంఖ్యే 2 కాకపోతే). మిగలకపోతే ప్రధానం కాదని ఖాయం. మిగిలినంత మాత్రాన ప్రధానమని మాత్రం అనుకోకండి. 341 తీసుకోండి. 2ను పదిసార్లు గుణిస్తే 1024, అంటే 3 × 341 + 1. కాబట్టి 340సార్లు, అంటే ముప్పై నాలుగు పదులు గుణించినా 1 మిగులుతుంది. కానీ 341 = 11 × 31. 2 బదులు 3తో పరీక్షిస్తే ఈ మోసం బయటపడుతుంది. 561, 1729 లాంటివి ఇంకా గట్టివి, తమతో ఉమ్మడి కారణాంకం లేని ఏ సంఖ్యతో పరీక్షించినా దొరకవు. రామానుజన్ కారణంగా అందరికీ తెలిసిన 1729 = 7 × 13 × 19 ఇలాంటిదని చాలామందికి తెలియదు. అందుకే కంప్యూటర్లు ఇంకాస్త పదునైన మిల్లర్–రాబిన్ పరీక్ష వాడతాయి. ఏ అనుమానానికీ తావులేకుండా, అంకెలు పెరిగినా పని అదుపులోనే ఉండేలా ప్రధాన సంఖ్యను తేల్చే పద్ధతిని 2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కాయల్, నితిన్ సక్సేనా కనుగొన్నారు.

కారణాంకాల సంగతి అలా లేదు. ఆర్‌ఎస్‌ఏ-250 అనే 250 అంకెల సంఖ్యను విప్పడం 2020లో గానీ సాధ్యం కాలేదు, అదీ ఎన్నో కంప్యూటర్లు కలిసి పనిచేస్తేనే. ఆన్‌లైన్ భద్రతకు వాడే ఆర్‌ఎస్‌ఏ సంఖ్యలు మామూలుగా 617 అంకెలు ఉంటాయి.

మీకు కావలసింది పాతిక ముప్పై అంకెల లోపు అయితే కంప్యూటర్ చాలు. లినక్స్‌లో ఫ్యాక్టర్ అనే కమాండ్ ఉంటుంది, పక్కన సంఖ్య కొడితే చాలు. పైథాన్ వాడేవాళ్లు సింపై లైబ్రరీలో ఫ్యాక్టర్‌ఇంట్ వాడొచ్చు. ఎక్సెల్ మాత్రం వద్దు. అది 15 అంకెల దాకానే సరిగ్గా పట్టుకుంటుంది, ఆపై అంకెల్ని సున్నాలు చేసేస్తుంది. 1591ని నాలుగుసార్లు వరసగా 1591159115911591 అని ఎక్సెల్‌లో కొట్టండి, పదహారో అంకె 1 బదులు 0 అయిపోతుంది. అప్పుడది 2తోనూ 5తోనూ పోయే వేరే సంఖ్య. మీరు దేన్ని విప్పుతున్నారో మీకే తెలియకుండా పోతుంది. ఫోన్ క్యాలిక్యులేటర్లలో కూడా పెద్ద సంఖ్యలు గుండ్రం అయిపోతుంటాయి, కాబట్టి జవాబు చివరి అంకె ఒకసారి చేత్తో సరిచూడండి.

అదే సంఖ్యను పైథాన్‌కు ఇస్తే సరైన జవాబు వస్తుంది: 17 × 37 × 43 × 73 × 137 × 5882353. పెద్ద ముక్క 5882353 ప్రధాన సంఖ్య, 4తో భాగిస్తే 1 మిగులుతుంది. అలాంటి ప్రధాన సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రాయడానికి ఒక్కటే దారి ఉంటుంది. ఈ సంఖ్యకు ఆ దారి దాని అంకెల్లోనే రాసిపెట్టి ఉంది. 588 దగ్గర కోసి రెండు ముక్కలు చేయండి: 588² = 3,45,744. 2353² = 55,36,609. రెండూ కూడండి, 58,82,353.